మాచిపత్రికి వేలు విడిచిన చుట్టం

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో అల్లుడికే కాదు, అల్లుడి జ్వరానికి కూడా మర్యాద జరిగింది. ఆ మర్యాదతోనే మా నాన్న కొంచెంలో పోయేవారు.

నాన్న అప్పట్లో మన్యంలో టీచరు. ఉప్పలగుప్తం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. సెలవులకి అమ్మా నేనూ ముందే అక్కడికి చేరాం. నాన్న తరవాత వణుక్కుంటూ బస్సు దిగారు. బయల్దేరే ముందే మన్యంలోని ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి మలేరియా అని తేల్చారట. మాత్రల అట్ట చేతిలో పెట్టి, జ్వరం తగ్గినా సరే అన్నీ వేసుకోవాలని మరీ మరీ చెప్పారట. మొదటి మోతాదుకే ఒళ్ళు కాస్త చల్లబడింది. మామగారు పక్కన కూర్చున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని నాన్న, "ఈ మందు మాచిపత్రి జాతి మొక్కలోంచే తీస్తారండి మావయ్యగారూ" అన్నారు.

మా తాతయ్య పెరట్లో మాచిపత్రి గుబురుగా ఉండేది. వినాయకచవితి నాడు వీధి వీధంతా ఆ ఆకు కోసం మా గుమ్మం ముందు నిలబడేది. మిగతా ఏడాదంతా మేకలు కూడా దాన్ని పట్టించుకునేవి కావు. అలాంటి మొక్కకి డాక్టర్ల దగ్గర ఇంత పలుకుబడి ఉందని అల్లుడి నోట వినేసరికి ఆయన మొహం వెలిగిపోయింది.

"అసలు సరుకు పెరట్లో పెట్టుకుని ఈ బిళ్ళలెందుకండీ? రెండూ కలిస్తే వేడి చేస్తుంది. అవి ఆపెయ్యండి, నేను చూసుకుంటాను."

మామగారి మాట కాదనే అల్లుళ్ళు మా వైపు ఇంకా పుట్టలేదు. "ఆయ్" అన్నారు నాన్న.

ఆ రోజు నుంచి తాతయ్య ఒక్కొక్క రెమ్మా కడిగి, మరిగించి, తన ఉతికిన కండువాతో వడకట్టి పంపేవారు. దేవుడికి కూడా అంత శ్రద్ధగా నైవేద్యం పెట్టగా నేను చూడలేదు. రంగు మాత్రం పొలాల పక్క పంటబోదెలో పారే బురద నీళ్ళలా ఉండేది. నాన్న మాత్రల అట్టని బట్టల సంచీలో చొక్కాల అడుగున పెట్టడం నేను చూశాను. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. అమ్మకి చెప్పకూడదని నాకు అర్థమైంది. అదో సరదా అనుకున్నాను.

జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి సామానుతో సహా. ఒక సాయంత్రం నాన్న నన్ను చూసి, "హెడ్మాస్టరుగారూ, కూర్చోండి" అన్నారు. నేను పడీ పడీ నవ్వాను. హెడ్మాస్టరులా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను కూడా. ఈలోగా అమ్మ వచ్చి, పచ్చబడిన ఆయన కళ్ళు చూసి కేక వేసింది.

అమలాపురంలో డాక్టరుగారు, నాన్న బట్టల సంచీలోంచి బయటపడ్డ అట్టని తిప్పి చూశారు. మాత్రలు దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. తాతయ్య అంతా చెప్పారు. డాక్టరుగారు కోప్పడలేదు. "మొక్క నుంచే తీస్తారు, నిజమే. కానీ ఆ మొక్క మీ మాచిపత్రికి వేలు విడిచిన చుట్టం మాత్రమేనండీ. చుట్టాన్ని ఉడకబెడితే ఈయన జబ్బు తగ్గదు" అన్నారు. తరవాత, "మాత్రలు మానేసిన సంగతి ఇంట్లో ఇంకెవరూ చూడలేదా?" అని అడిగారు. నేను తలెత్తి ఫ్యాను చూశాను. అది తిరగడం లేదు, అయినా చాలాసేపు చూశాను.

ఇంజక్షన్లతో నాన్న బతికారు. అవి కూడా ఆ చుట్టం మొక్క మందేనట.

ఇంటికొచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. కొబ్బరితోటలో ఉన్న మాకు అందరూ కొబ్బరి బొండాలే తెచ్చారు. తాతయ్య ఎవరి మొహమూ చూడకుండా అరుగు చివర కూర్చునేవారు. అన్నం సగంలోనే లేచిపోయేవారు. అది చూడలేక నాన్న ఒక రోజు వచ్చినవాళ్ళందరి ముందూ, "మావయ్యగారి కషాయమే నన్ను హాస్పిటల్ దాకా నిలబెట్టిందండీ" అనేశారు. ఎంత చక్కటి అబద్ధమంటే అందరూ తలలూపారు. తాతయ్య ఆ రాత్రి పెరుగన్నం కూడా తిన్నారు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి అక్క పిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. "చంటోడికి ఒళ్ళు కాలిపోతుందండీ తాతయ్యగారూ. అల్లుడుగారికి నయం చేసిన ఆకు నాలుగు రెమ్మలు ఇప్పించండి."

అరుగు మీద పరామర్శకొచ్చినవాళ్ళు ఉన్నారు, నాన్న ఉన్నారు. లోపల గుమ్మం దగ్గర నేనున్నాను. పిల్లాణ్ణి డాక్టరుకి చూపించమ్మా అని ఊరుకుంటే సరిపోయేది. తాతయ్య లేచి నిలబడ్డారు.

"నయం చెయ్యలేదమ్మా. అల్లుడుగారు నా మొహం చూసి అలా చెప్పేరు. మంచి మందు మాన్పించి నేనే ఆయన్ని చావు దాకా తీసుకెళ్ళేను. ఈ ఆకు పూజకి ఇస్తాను, జ్వరానికి ఇవ్వను. నడు, ఆటో పిలుస్తాను."

"అయ్యో, మీ తప్పేముందండీ, కావాలని చేసేరా?" అన్నారు ఎవరో.

"కావాలని చెయ్యలేదు. చేసేను" అన్నారాయన.

నాన్న తల దించుకున్నారు. తాతయ్య చొక్కా తొడుక్కుని వాళ్ళతో పాటే ఆటో ఎక్కారు. తీరా ఆస్పత్రిలో తేలిందేమిటంటే పిల్లాడికి గొంతు నొప్పి. గొంతు నొప్పి కోసం ఊళ్ళో పరువు పోగొట్టుకున్న మొదటి మనిషి మా తాతయ్యే అయుంటారు. ఆ మాట నేనే అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో నేను చెప్పాల్సింది ఒకటుంది. చెప్పలేదు. చాలా ఏళ్ళ తరవాత చెబితే అమ్మ, "చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అంది.

తెలుసు. అట్ట ఎక్కడుందో ఆ ఇంట్లో నాన్న తరవాత తెలిసింది నాకొక్కదానికే.

ఇప్పటికీ నన్నెవరైనా "నీ తప్పేముందిలే" అంటే చాలా హాయిగా ఉంటుంది. అబద్ధమెందుకు, ఓ జోకు వేసి ఆ హాయిని ఇంకాస్త పొడిగిస్తాను కూడా. కానీ ఆ హాయి వల్ల ఇంకెవరికైనా ముప్పుందేమోనని చూడకుండా మాత్రం ఉండలేను.