నిప్పున్న ఇల్లు

రబ్బరు తోట కూలీల వరసిళ్లలో, లయాల్లో పుట్టి పెరిగినదాన్ని నేను. చెక్క గోడలు, రేకు కప్పు, పక్కింటివాడు దగ్గితే మనం ఉలిక్కిపడే కాపురాలు మావి. అందుకే పినాంగు కొండ మీద నా తోడబుట్టిన అప్ప ఇల్లు చూసి నోరు వెళ్లబెట్టాను. క్వారీలో రాళ్లు కొట్టే మనవాళ్లు, దొర పనికిరావని పారేసిన రాళ్లు ఏరుకుని, సున్నం లేకుండా, రాయిని రాయే పట్టుకునేలా పేర్చిన ఇళ్లవి. అప్ప ఇంటి గోడంతా మా బావ చేతిదే. ఆయన పోయి ఏడాది కాలేదు.

నేను చుట్టపుచూపుగా వెళ్లాను. నా పేరు చెప్పి కోడిని కోస్తుందనుకుంటే, అప్ప గంజి కాస్తోంది. గంజి దింపి పప్పు ఎక్కించింది. పప్పు దింపి ఉత్త నీళ్లు ఎక్కించింది. ఇదేం వంటని అడిగితే గుమ్మం వైపు చూపించింది.

మొగుడు లేనిదానికి ఇల్లెందుకు, కిందికి దిగి లయంలో ఉండమని దొర కబురట. ఇల్లు కూల్చడానికి దొర పెట్టిన మేస్త్రీ కంగాణీ పొద్దున్నే కూలీలను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లేమో గునపాలు పక్కన పడేసి చుట్టలు కాలుస్తున్నారు. పొయ్యిలో నిప్పున్న ఇంటి మీద గునపం వేయకూడదన్నది మావాళ్ల కట్టు. సముద్రం దాటాక దేవుళ్లనే మరిచినవాళ్లు కూడా దాన్ని మరవలేదు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. బావ బతికుండగా ఈ గోడను తడిమి మెచ్చుకున్నది ఆ దొరే మరి.

మధ్యాహ్నానికి కట్టెలు అయిపోతే నేనే వెళ్లి ఏరుకొచ్చాను. అది చూసి కంగాణీకి ఓపిక చచ్చింది. కుండెడు నీళ్లు పట్టుకుని లోపలికొచ్చాడు. అతనూ మనవాడే, మా తాత ఊరి వైపువాడే. పరాయి పొయ్యిలో నీళ్లు పోయడం ఎంత పాపమో ఒకరు చెప్పక్కర్లేదు.

అప్ప లేవలేదు. పొయ్యికి అడ్డంగా జరిగి కూర్చుంది.

"ముందు నా నెత్తి తడవాల, అన్నా. ఆ తరవాతే నిప్పు తడుస్తాది. ఆర్పేసినానని మీ అమ్మతో నువ్వే సెప్పుకో."

అతను కుండ అక్కడే దించి, బయటికి పోయి గోడ నీడన కూలబడ్డాడు. రేపైనా నిప్పు ఆరకపోతుందా అని కూలీలతో అనడం మాకు వినిపించింది.

సాయంత్రం పడవ అందుకోకపోతే తోటలో నా పేరు కొట్టేస్తారు. ఆ సంగతి అప్పకీ తెలుసు. నా మూట తెచ్చి చేతిలో పెట్టింది.

"ఎల్లిపోవే. నీ పని పోతాది."

"నీకు కునుకు పడితే నిప్పెవులు సూస్తారు?" అన్నాను.

అప్ప కళ్లు తుడుచుకుంది. పేరు కొట్టేస్తే కొట్టేయనీ అనుకున్నాను. మూట గోడ గూట్లో పెట్టి, పొయ్యిలోకి ఇంకో కట్టె తోసి, కంగాణీ వదిలేసిన ఆ కుండెడు నీళ్లనే ఎసరు పోశాను.