జానయ్య విమానం గేర్‌బాక్సు

ఎల్బీనగర్‌లో జానయ్యకు నాలుగు లారీలూ ఒక విమానమూ ఉన్నాయి. విమానమంటే నలుగురు పట్టేది, ముక్కున ఒక్క ఫ్యానుతో. నాదర్‌గుల్ షెడ్డులో పెట్టి, పైలట్ చదువు చెప్పేవాళ్లకు కిరాయికిచ్చాడు. వెనక సీటు ఖాళీ ఉన్నప్పుడల్లా తనూ ఎక్కి కూర్చుంటాడు. నల్గొండ దిక్కు నుంచి లారీ క్లీనరుగా వచ్చిన మనిషికి విమానం మీద మనసెట్లా పోయిందని అడిగితే ఒకటే మాట.

"డీజిల్ ఇంజిన్ అన్నరు. డీజిల్ల నాకు తెల్వంది ఏముంటది అనుకున్న."

ఉందని చెప్పింది రామారావు. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, విమానాల ఇంజనీరుగా రిటైరయ్యాడు. జానయ్య విమానం ఎగరొచ్చని సంతకం పెట్టేది ఆయనే. ఇంజిన్‌కూ ఫ్యానుకూ మధ్య చిన్న గేర్‌బాక్సు ఉంటుంది. ఇన్ని గంటలు తిరిగిందంటే ఊడదీసి, జర్మనీలో దాన్ని తయారుచేసిన కంపెనీకే పంపాలి. ఇంకెవరూ మూత తీయకూడదు.

"పెద్ద అంబర్‌పేట్‌ల మా లారీ మేస్త్రీ సైదులు పొద్దుగూకే లోపల విప్పి బిగిస్తడు సారూ."

"బిగిస్తాడండీ. నేను మాత్రం సంతకం పెట్టను."

సరేనని పెట్టెలో పెట్టి పంపారు. అది చేరిన కొద్దిరోజులకే ఆ కంపెనీ దివాలా తీసింది. గేట్లకు తాళాలు పడ్డాయి, లోపలి సరుకు మీద కోర్టు ఒక అధికారిని పెట్టింది. ఇక్కడ విమానం ముక్కు విప్పుకుని షెడ్డులో నిలబడిపోయింది. ఇంకో గేర్‌బాక్సు కొందామంటే, చేసేవాళ్లే లేరు.

ఒక ఆదివారం రామారావు ఫోన్ పట్టుకుని జానయ్య ఇంటికొచ్చాడు. "ఆ అధికారి ఫొటోలు పంపాడు. కడగడానికని గేర్‌బాక్సుల నంబరు రేకులన్నీ పీకి ఒక డబ్బాలో పోశారట. ఎవరిదేదో తెలీడం లేదు. గుర్తుపట్టినవి వాళ్లవి, మిగతావన్నీ కలిపి అమ్మేస్తారట."

జానయ్య భార్య సైదమ్మ తొంగిచూసింది. "అన్నీ ఒక్క తీరే ఉన్నయి గదా. గంపల వంకాయల లెక్క."

జానయ్య ఫోన్ అందుకున్నాడు. ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు. చాలాసేపటికి ఒకదాని మీద వేలు పెట్టాడు. "ఇగో. గిది మనదే."

ఆ గేర్‌బాక్సు అడుగున చుక్కలు చుక్కలుగా 'జా' అని ఉంది. షాపుకిచ్చిన సామాను మారిపోతుందని లారీవాళ్లు మొనదేలిన ఇనుప పంచ్‌తో గుర్తు కొట్టుకుంటారు. ప్యాకింగ్ చేసేటప్పుడు జానయ్య కూడా సుత్తితో ఆ పని కానిచ్చేశాడు.

రామారావు కళ్లద్దాలు తీసేశాడు. "సుత్తితో కొట్టారా? విమానం గేర్‌బాక్సుని?"

"మెల్లగనే కొట్టిన సారూ."

"మెల్లగా ఏంటండీ, అక్కడ బీట వస్తే? చక్రాలను కప్పే ఆ పైపెట్టె ఇంక పనికిరాదు."

"తుపాకితోటి పేల్చి గుర్తు పెట్టలే, నయం," అంది సైదమ్మ, చాయ్ కప్పులు పెడుతూ.

గుర్తు చూపిస్తే అధికారి ఒప్పుకున్నాడు. అయితే అడిగాడు: వాపసు పంపమంటారా, ఇక్కడే ఉంచుతారా? కంపెనీని ఎవరైనా కొంటే పని మళ్లీ మొదలవుతుంది. కొనకపోతే ఏమవుతుందో తను చెప్పలేనన్నాడు.

జానయ్యకు ఇదే కష్టమైంది. ఇంజిన్ విప్పుతున్నప్పుడు ఓనరు ఎదురుగా స్టూలేసుకుని కూర్చోవాలి, మేస్త్రీ లేచేదాకా లేవకూడదు. ఇన్నేళ్లూ అట్లాగే బతికాడు.

"ఇంటికి తెస్తే కండ్ల ముందుంటది."

"ఉంటుంది. ఎగరదు. పైపెట్టె మార్చాలన్నా వాళ్లే మార్చాలి," అన్నాడు రామారావు.

జానయ్య రెండు రోజులు సరిగా తిండి తినలేదు. మూడోనాడు తనే ఫోన్ చేశాడు. "ఆడనే ఉంచమను సారూ. గని మూత తీసేటప్పుడు నాకు చూపియ్యాలె."

వానలు తగ్గేనాటికి ఎవరో ఆ కంపెనీని కొన్నారు. ఒక మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. జానయ్య టీవీ స్టాండు మీద ఫోన్ నిలబెట్టి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాడు. పక్కన రామారావు. అవతల నెరిసిన గడ్డం మేస్త్రీ ఒకాయన మూత తీసి, పళ్లచక్రాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి చూపించాడు. జానయ్య ముందుకు వంగాడు. ఒక చక్రాన్ని మళ్లీ తిప్పించమన్నాడు. మేస్త్రీ తిప్పాడు.

"అరగలేదు," అన్నాడు రామారావు. "కొత్త పైపెట్టెలో బిగించి పంపుతాడట. పని అయ్యేసరికి సాయంత్రమవుతుందిట. మీరు లేచి భోంచేయండి."

జానయ్య కదల్లేదు.

"ఆయిన తిన్నడా అడుగుండ్రి సారూ. ఫోన్ చేసిన కాన్నుంచి నిలబడే ఉన్నడు."

రామారావు ఇంగ్లీషులో అడిగాడు. మేస్త్రీ చేతులాపి, ఏమిటన్నట్టు ఫోన్‌లోకి చూశాడు. రామారావు నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు చేత్తో చూపిస్తూ మళ్లీ అడిగాడు.