పదంగుళాల టైర్లు

ఎత్తు పెంచిన జీపుకి లావుపాటి టైర్లు కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జూబ్లీహిల్స్ రోడ్ల మీద అలాంటిది ఎదురైతే ముందు నడిపేవాళ్ళ చేతులు చూస్తాను. తర్వాత పక్క సీట్లో ఎవరున్నారా అని చూస్తాను. టైర్లు ఎంచినవాళ్ళు ఒకరూ, స్టీరింగు తిప్పేవాళ్ళు ఇంకొకరూ అయితే ఎంత రోతగా ఉంటుందో నాకు బాగా తెలుసు.

మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు తరలి వచ్చేస్తున్న రోజులవి. నేను డబ్బింగు చెప్పేదాన్ని. తెలుగు రాని హీరోయిన్లకి నా గొంతు. మా ఆయన కెమెరా శాఖలో అసిస్టెంటు. ఫిలింనగర్ వెనక గుట్ట మీద మాకొక ఇల్లు అద్దెకి దొరికింది. ఇల్లు బాగుంది, గాలి బాగుంది, దారే బాగాలేదు. రాళ్ళు పేల్చి ప్లాట్లు చేస్తున్నారు, పేల్చిన రాళ్ళన్నీ దారిలోనే వదిలేస్తున్నారు. ఆటోవాళ్ళు కింద రోడ్డు మీదే ఆపేసి, "గాడికి బండి రాదమ్మా, దిగుండ్రి" అనేవాళ్ళు. బతిమాలినా లాభం ఉండేది కాదు.

ఆటో లేకపోతే సినిమా కంపెనీ వ్యాను. ప్రొడక్షన్ మేనేజరు ఒక పెద్దమనిషి ఉండేవాడు. నుదుట విభూతి, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. పొద్దున ఎక్కించుకోవడం అందరికంటే ముందు నన్నే, సాయంత్రం దింపడం అందరికంటే చివర నన్నే. దారిలో వాళ్ళ టీలూ, వాళ్ళ సిగరెట్లూ, భోజనం క్యారియర్లు దింపడాలూ అన్నీ అయ్యేదాకా నేను ఆ వెనక సీట్లో కూర్చునే ఉండాలి. సాంబారు ఒలికిన వాసన, తడిసిన విగ్గుల వాసన. అవన్నీ ఎలాగో భరించవచ్చు. ఆయన వచ్చి పక్కన కూర్చుని, చోటు లేనట్టు మోకాలు ఆనించేవాడు. నేను జరిగితే తనూ జరిగేవాడు. కిటికీ రేకు నాకు గుచ్చుకునేదాకా జరిగేవాడు. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "ఫీల్డులో ఇలాంటివి మామూలే, పట్టించుకోకు" అన్నాడు. అన్నం తింటూ అన్నాడు ఆ మాట. ముద్ద కూడా ఆపలేదు.

అందుకే జీపు కొన్నాం. మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత జీపు, నా డబ్బింగు డబ్బులతో. మా ఆయనకి గేర్లు మార్చడం వచ్చు, ఓపిక లేదు. నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పొద్దున ఎనిమిదింటికి గుట్ట దిగి, ఆయన్ని కెమెరాలు అద్దెకిచ్చే ఆఫీసు దగ్గర దింపి, కృష్ణానగర్ మీదుగా డబ్బింగు థియేటర్‌కి వెళ్ళేదాన్ని. సాయంత్రం నా ఇష్టం వచ్చినప్పుడు బయల్దేరేదాన్ని. ఆ జీపు ఉన్నంతకాలం నేను వ్యాను ఎక్కక్కర్లేదు. నాకు కావలసింది అంతే. బంగారం అడగలేదు, మేడలు అడగలేదు.

ఎత్తు పెంచుదామన్నది కూడా నేనే, అది ఒప్పుకోడానికి మొహమాటం లేదు. దారిలో రాళ్ళు కింద ఇరుసుకి ఠంగుమని తగిలేవి. తగిలినప్పుడల్లా నా పళ్ళు జివ్వుమనేవి. షేక్‌పేటలో మెకానిక్ చేత, చక్రాల మీద బండిని మోసే కమాన్లకి ఇంకొన్ని ఇనప పట్టీలు వేయించాం. జీపు జానెడు పైకి లేచింది. రాళ్ళ మీద నుంచి హాయిగా దాటేది. ఇక ఏ గొడవా లేదనుకున్నాను.

గొడవ అప్పుడే మొదలైంది. మా ఆయన ఒక ఆదివారం పొద్దున జీపుకి ఎదురుగా నేల మీద పేపరు పరుచుకుని బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్ళతో ఫ్రేము కట్టి చూశాడు. "బండి లేచింది కానీ టైర్లు బక్కగా ఉన్నాయే. లో యాంగిల్లో అసలు నిలబడటం లేదు" అన్నాడు. జీపుకి మామూలుగా వచ్చే ఆరంగుళాల వెడల్పు టైర్లవి. ఇంటికొచ్చిన స్నేహితులు కూడా ఒక్కొక్కరే వెళ్ళి ఆ పేపరు మీద పడుకుని చూసొచ్చారు. అందరూ ఫీల్డువాళ్ళే. నేను వేసిన పెసరట్లు తింటూ తీర్పు చెప్పారు. ఒకాయన పదంగుళాలన్నాడు. ఇంకొకాయన పది కూడా తక్కువేనన్నాడు. మడ్గార్డు బయటికి టైరు పొడుచుకు రావాలట, అప్పుడుగానీ బండికి మగతనం రాదట. రోజూ ఈ బండి తిప్పేది ఎవరని ఒక్కడు అడగలేదు. పెసరట్టు మాత్రం ఇంకోటి అడిగారు.

నేనేమీ టైర్ల పండితురాలిని కాదు. కానీ తిప్పే చేతులకి కొన్ని సంగతులు తెలుస్తాయి. మా గుట్ట దిగేటప్పుడు ఒక పెద్ద రాతి గుండు దగ్గర మలుపు ఉంది. ఎడమ పక్క గుండు, కుడి పక్క రాళ్ళు తవ్వేసిన గొయ్యి. అక్కడ స్టీరింగు ఆఖరుదాకా తిప్పితేనే బండి ఒక్క ఊపులో తిరుగుతుంది. టైరు ఎంత లావైతే నేలని అంత పట్టుకుంటుంది, స్టీరింగు అంత బరువెక్కుతుంది. పైగా ఆఖరుదాకా తిప్పినప్పుడు లోపలి కమానుకి రాసుకుంటుంది. "పోనీ మీ మాటా నా మాటా కాకుండా ఏడంగుళాలవి వేయిద్దామండీ" అన్నాను. "ఏడుకీ ఆరుకీ తేడా స్క్రీను మీద కనబడదు" అన్నాడు.

మేముండేది స్క్రీను మీద కాదు కదా. నా మొహం, ఎవరితో చెప్పుకోను.

ఎర్రగడ్డలో టైర్ల కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. కొట్టాయన నన్ను చూడగానే ఒక స్టూలు లాగి, "మేడమ్, మీరు జర గీడ ఫ్యాన్ కింద కూసోండ్రి" అని, మా ఆయన్ని లోపలికి తీసుకుపోయాడు. నేను లేచి వెనకే వెళ్ళాను. పదంగుళాల టైరు ఒకటి గోడకి ఆనించి, "సార్, గిది చూడుండ్రి, బయటి దేశంది. గిది ఏస్తే రోడ్డు మీద అందరు మీ బండినే చూస్తరు" అన్నాడు. "స్టీరింగు బరువవుతుందా?" అని అడిగాను. ఆయన మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడు. "జర బరువైతది సార్, గంతే. ఫికర్ చెయ్యకుండ్రి." అడిగింది నేను. చెప్పింది మా ఆయనకి. ఆయన ఫికర్ చేయనూ లేదు. వెడల్పు రిమ్ములతో సహా బిగించేశారు. పాత రిమ్ములు మాత్రం నేను పట్టుబట్టి వెనక వేయించి ఇంటికి తెచ్చుకున్నాను.

కొత్త టైర్లకి ముహూర్తం కూడా పెట్టారండీ. లోకంలో అందరూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, కొబ్బరికాయ కొడతారు. మావాళ్ళు అదయ్యాక ఒక క్లాప్ బోర్డు కూడా పట్టుకొచ్చారు. ఇంటి ముందు చదునుగా ఉన్నచోట మా ఆయన నేల మీద కెమెరా పెట్టుకుని పడుకున్నాడు. ఒకాయన క్లాప్ కొట్టాడు, ఇంకొకాయన స్టీరింగు పట్టుకున్నాడు. జీపు దుమ్ము లేపుకుంటూ తిన్నగా కెమెరా మీదికి వచ్చింది. కట్ అన్నారు. చప్పట్లు. బండి బ్రహ్మాండంగా ఉందని తేల్చేశారు. ఎంతసేపూ తిన్నగా రావడమే చూశారు వీళ్ళు. బతుకంతా షాట్లు తీసేవాళ్ళు కదా, షాట్‌లో బండి తిన్నగానే వస్తుంది, తర్వాత కట్. ఆ తర్వాత దాన్ని తిప్పి తీసుకెళ్ళాల్సిన మనిషి ఒకరుంటారని వాళ్ళ బుర్రకి తట్టలేదు.

సోమవారం పొద్దున గుండు దగ్గర మలుపులో జీపు తిరగలేదు. స్టీరింగు మీద ఒళ్ళంతా వేసి లాగాను. సగం తిరిగి, టైరు కమానుకి కర్రుమని రాసుకుని ఆగిపోయింది. ముందు గుండు, పక్కన గొయ్యి. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. వెనక రాళ్ళ లారీవాడి హారను మోత. పక్క సీట్లో మా ఆయన, "మెల్లగా, రిమ్ములకి గీతలు పడతాయి" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

థియేటర్‌కి వెళ్ళేసరికి భుజాలు పీకేస్తున్నాయి. అంతకుముందెప్పుడూ లేనిది డైలాగు మధ్యలో ఆయాసం వచ్చింది. ఆ రోజు హీరోయిన్ తొలిసారి ప్రేమ సంగతి చెప్పే సీను. డైరెక్టరు విని, "ఏంటమ్మా, మూటలు మోసి వచ్చినట్టు చెబుతున్నారు" అన్నాడు. ఏం చెప్పను, మోసే వచ్చానని చెప్పనా. వాన పడితే ఇంకా దరిద్రం. మడ్గార్డు దాటి పొడుచుకొచ్చిన టైర్లు బురదంతా ఎత్తి పక్కన నడిచేవాళ్ళ మీద కొట్టేవి. కృష్ణానగర్ సందుల్లో ఇస్త్రీ చీరల్లో షూటింగుకి నడిచి వెళ్ళే జూనియర్ ఆర్టిస్టులు నన్ను తిట్టేవాళ్ళు. తిట్లు నాకు, టైర్లకి మెప్పు ఆయనకి. రాత్రి భుజాలకి జండూబామ్ రాసుకుంటుంటే, "నాలుగు రోజులు పోతే చేతులకి అలవాటవుతుందిలే" అన్నాడు.

చేతులకి అలవాటు కాకముందే జీపుని షూటింగుకి ఇచ్చేశాడు. విలన్ ఎంట్రీకి అలాంటి బండే కావాలన్నారట. నన్ను అడగలేదు. ముందురోజు రాత్రి చెప్పాడు. "మరి నేనెలా వెళ్ళాలి?" అన్నాను. "రేపొక్కరోజు వ్యాను వస్తుందిలే. మేనేజరుగారితో చెప్పాను." ఆ మనిషి పేరు ఎత్తడానికి ఆయనకి నోరెలా వచ్చిందో నాకు ఈరోజుకీ అర్థం కాదు. అంతా తెలిసే చెప్పాడు.

వ్యాను ఎక్కాను. అదే సాంబారు, అదే కిళ్ళీ. "మీ జీపు అదిరిపోయిందమ్మా, తెర నిండిపోతుంది" అంటూ ఆయన వచ్చి పక్కనే కూర్చున్నాడు. నేను చేతిసంచి తీసి మధ్యలో పెట్టాను. దాన్నెత్తి ఒళ్ళో పెట్టుకుని, "నేను పట్టుకుంటాలెండి" అన్నాడు. ఛీ.

ఎప్పటిలాగే ముందు క్యారియర్లు దింపాలని వ్యాను షేక్‌పేట అవతల రాళ్ళలో షూటింగు దగ్గర ఆగింది. దిగి ఒక చెట్టు నీడన నిలబడ్డాను. నా జీపు తిన్నగా వస్తోంది. మా ఆయన కెమెరా పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. కట్ అన్నారు. విలన్ వేసే ఆయన నిండైన మనిషి, కండలు తిరిగినవాడు. జీపు వెనక్కి తిప్పబోయాడు. తిరగలేదు. రెండు చేతులతో లాగి, విసుక్కుని, దిగిపోయాడు. లైట్‌బాయ్స్ నలుగురొచ్చి ముందు భాగం పట్టుకుని అటూ ఇటూ నెట్టి, బండిని మొదటి చోటికి చేర్చారు. మళ్ళీ టేకు. మళ్ళీ కట్. మళ్ళీ నలుగురూ నెట్టారు. అంత మనిషికి నలుగురు సాయం. నాకు రోజూ పొద్దున ఒక్కదానికి అలవాటైపోతుందట.

మా ఆయన నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు. "చూశావా, ఫ్రేము ఎలా నిండిందో?"

"తిప్పడానికి నలుగురు నెట్టాల్సి వచ్చిందండీ."

"అది షాట్‌లో ఉండదుగా" అన్నాడు.

ఆ మాటతో నాకు ఆ మనిషి మీద ఉన్న చివరి ఓపిక కూడా పోయింది. వెనక వ్యానులోంచి మేనేజరు, "రండమ్మా, మీ సీటు ఉంచాను" అని తన పక్కన చేత్తో తట్టి చూపిస్తున్నాడు. మా ఆయన ఆ చెయ్యి చూశాడు. చూసి, కెమెరా దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను వ్యాను ఎక్కలేదు. నా సంచి లాక్కుని, రోడ్డుదాకా ఎండలో నడిచి ఆటో పట్టుకున్నాను.

జీపు ఇంటికొచ్చిన మర్నాడు పాత రిమ్ములు వెనక వేసుకుని ఒక్కదాన్నే ఎర్రగడ్డ వెళ్ళాను. కొట్టాయన నా వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాడు. "సార్ రాలేదా?"

"సారుతో పనిలేదు. ఇవి తీసేసి ఏడంగుళాలవి వేయండి."

"సార్‌ను ఒక్కమాట అడగుండ్రి మేడమ్. మల్ల నన్ను అంటడు."

"అంటే నేను పడతాను. జాకీ పెట్టండి."

స్టూలు చూపించాడు, కూర్చోలేదు. ఆఖరి బోల్టు బిగించేదాకా పక్కనే నిలబడ్డాను. స్టీరింగు రెండు వైపులా ఆఖరుదాకా తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాకే బయల్దేరాను. గుండు దగ్గర మలుపులో ఒక్క ఊపులో తిరిగింది.

మా ఆయన పొద్దున బయటికొచ్చి చూశాడు. తిట్టలేదు. ముందు నిలబడి వేళ్ళతో ఫ్రేము కట్టాడు. "చచ్చు బండి అయిపోయింది. యూనిట్‌వాళ్ళు చూస్తే నవ్వుతారు. నేనిందులో రాను" అన్నాడు. "మీ ఇష్టం. పక్కకి జరగండి, నాకు టైమవుతోంది" అన్నాను. వ్యాను పంపమని ఆఫీసుకి ఫోన్ చేసుకున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పని ముగించుకుని జీపులో ఇంటికి వస్తుంటే, ఫిలింనగర్ మలుపులో టీకొట్టు దగ్గర వ్యాను ఆగి ఉంది. మేనేజరు బానెట్‌కి ఆనుకుని తీరిగ్గా సిగరెట్టు కాలుస్తున్నాడు. మిగతా అందరూ దిగిపోయినట్టున్నారు. వెనక సీట్లో, కిటికీ పక్కన, కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని మా ఆయన. ఎప్పుడు బయల్దేరుతారా అని కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి సగం ఎత్తాడు.

అది నేను కూర్చునే సీటే. నేను ఆపలేదు.