రాయి ఎంచుకునే పావుగంట

మైనింగ్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాది, జూన్ మొదటి వారంలో, మార్కాపురం దగ్గర ఒక పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాను. ఆ ఉద్యోగం వదిలి చాన్నాళ్లయింది. ఇప్పటికీ పలకరాయి పరిచిన నేల కనబడితే వేలి కణుపుతో తట్టి చూస్తాను.

అక్కడ పని ఇలా సాగేది. క్వారీ నుంచి దిమ్మెలు వస్తాయి. చీల్చే మనిషి దిమ్మెను నిలబెట్టి, అంచున పలుచని ఉలి పెట్టి, సుత్తితో కొడుతూ పొరలుగా విడదీస్తాడు. ఆ పొరలను, అక్కడ అందరూ అత్త అని పిలిచే మరియమ్మ కొలిచి, పగిలినవి పక్కన పడేసేది. చీల్చేవాళ్లు నలుగురు. అందరిలో పెద్ద మస్తాన్ భాయ్, కంభం నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు.

రోజూ పొద్దున ఆ నలుగురూ పావుగంటసేపు యార్డులో తిరిగేవాళ్లు. దిమ్మెలను తట్టి, చప్పుడు విని, ఎవరి రాయి వాళ్లు ఎంచుకునేవాళ్లు. దాన్ని నేను వృథా సమయంగా రాసుకున్నాను. దిమ్మెలకు నంబర్లు వేసి, ఎవరికి ఏదో నేనే ముందురోజు రాసిపెట్టడం మొదలుపెట్టాను.

రెండు వారాలకు మస్తాన్ భాయ్ శనివారంతో మానేస్తానన్నాడు. ఆయన పోతే మిగతా ముగ్గురూ ఆగరు, ఫ్యాక్టరీ మూతపడుతుంది, కారణం కనుక్కోమన్నాడు యజమాని. నేను తొమ్మిది ప్రశ్నల ఫారం తయారుచేశాను: కూలి, సెలవు, నీడ, తాగునీరు, దుమ్ముకు మాస్కు, ఇలాంటివి. భాయ్ అన్నిటికీ బాగుందనే చెప్పాడు.

మరియమ్మత్త నవ్వింది. "ఏంది అల్లుడా, తొమ్మిది అడిగినావు, అసలుది ఇడిసిపెట్టినావే!"

అప్పుడు భాయ్ రెండు దిమ్మెలు చూపించి, ఒకటి ఎంచమన్నాడు. నేను రెండూ తట్టాను. నా చెవికి చప్పుడు ఒకేలా ఉంది. మూలలు సరిగ్గా ఉన్నదాన్ని చూపించాను. భాయ్ ఉలి పెట్టి చీలుస్తుంటే అది మూడో పొరకే అడ్డంగా పగిలింది.

"చూసినావా సారూ? ఎంచింది నువ్వు. పగలగొట్టినాడని పేరు నాకు. అట్ల పనిచేసేది నాకు చేతకాదు," అన్నాడు.

ఆ సాయంత్రమే తడిగుడ్డ పట్టుకుని నంబర్లన్నీ నేనే తుడిచేశాను. భాయ్ అది చూసి, బస్సుకు బయల్దేరాడు. శనివారం ఉలులన్నీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం మొదటి బస్సులో రాలేదు. మిగతా ముగ్గురూ రాళ్లు ముట్టుకోకుండా గేటు వైపే చూస్తున్నారు. రెండో బస్సుకు దిగాడు.

"ఉలులు మొద్దుబారినాయి, సాన పట్టించుకోని వచ్చినా," అని నేరుగా యార్డులోకి నడిచాడు. కాసేపటికి నాలుగు వైపుల నుంచి తట్టే చప్పుడు మొదలైంది. ఉద్యోగంలో నేను విన్న శబ్దాల్లో బాగా గుర్తున్నది అదే.

కూలి, నీడ, నీళ్లు లేకపోతే మనిషి పనిలో నిలవడు. అవన్నీ ఉన్నా, నిర్ణయం ఒకరిదీ మాట పడేది ఇంకొకరూ అయితే కూడా నిలవడు. తర్వాత పనిచేసిన చోటల్లా నా ఫారంలో పది ప్రశ్నలుండేవి. మీ పనిలో మీరు ఎంచుకునేది ఏది అన్నది మొదటి ప్రశ్న.