ఆదోని బస్సులో ఒలికిన డబ్బా

ఏళ్ల తరబడి ఒక ప్లాస్టిక్ డబ్బా బరువు మోస్తున్నాను. పత్తి లారీ లోడంతా నా వీపు మీదే ఉన్నట్టుంటుంది. మీకే చెబుతున్నాను. మా అక్కకు చెప్పే ధైర్యం లేదు.

మా బావ ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, తల పగిలిపోయేది, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడేది, కారిన చెమటకు మగ్గం గుంత బావి అయ్యేది. ఆటో ఎక్కించి ఆస్పత్రికి చేర్చేసరికి బీపీ పెళ్లికొడుకులా బుద్ధిగా కూర్చునేది. తాయెత్తుల బరువుకే మనిషి వంగిపోయాడు. చివరికి ఆదోనిలో ఒక డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. మూత్రపిండం మీది గ్రంథిలో గడ్డ లేచి, ఉండుండి హార్మోను కుమ్మరిస్తోందేమోనని. ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా డబ్బాలో పట్టి పంపమంది.

మోసుకుపోయే పని నాది. బస్సు గుంతలో పడింది. మూత ఊడింది. సగం నా ప్యాంటు మీద. పక్క సీటాయన ఒక్క దూకులో కర్ణాటకలో పడ్డాడు. వెనక్కి పోయి మళ్లీ పట్టమని చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? ఊరందరినీ ఆటపట్టించే నేను, తడిసిన ప్యాంటుతో ఊళ్లో దిగితే జీవితాంతం నన్ను ఆటపట్టిస్తారనా? అంతేనా, అంత చిన్నదానికా? ఆదోని బస్టాండు వెనక చాటుకు పోయి, డబ్బాలో తగ్గిన సగం నా మూత్రంతో నింపేశాను.

రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. రాక ఏమవుతుంది? బావ జబ్బును నా ఆరోగ్యంతో పలచన చేశాను. డాక్టరమ్మ మనసుకు మాత్రలు రాసింది.

"చూసినావా అప్పా, నాది ఉత్త భయమేనంట," అన్నాడు బావ. "మీ అక్క చెప్పినట్టే, పని ఎగ్గొట్టేకి నాటకాలాడతాండా."

"భయమే బావా, యాడికి పోతాది, తగ్గుతాదిలే," అన్నాను.

ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ పళ్లు రాలేలా కొట్టాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చెమటలు పట్టినా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు పక్షవాతం కొట్టి మగ్గం మీదే ఒరిగిపోయాడు. కర్నూలులో స్కాన్ తీస్తే నిమ్మకాయంత గడ్డ. వేరేవాళ్లదైతే గుమ్మడికాయంత అని రాసేవాణ్ణి. గడ్డ తీసేశారు, దడ ఆగింది. పడిపోయిన కుడి చెయ్యి మాత్రం లేవలేదు. మగ్గం అమ్మేశారు. అక్క నేటికీ ఆ డాక్టరమ్మనే తిడుతుంది. ఆ తిట్లు వింటూ, ఆ ఇంట్లోనే కూర్చుని, ఉగ్గాని బజ్జీ తింటాను.

పైన పెంచి రాసినవి చాలా ఉన్నాయి, నాకది జబ్బు. సగం అన్నది మాత్రం సగమే. డాక్టరమ్మ సరిగ్గానే పట్టుకుంది. తప్పించింది నేను.

చెప్పేశాను.