పిన్ని వాంగ్మూలం

ఈ ఉదయం కాఫీ తాగుతుండగా మా అమ్మాయి ఫోనులో వార్త చదివి వినిపించింది. మానవ హక్కుల కోసం దేశదేశాల్లో పనిచేసే ఒక విదేశీ సంస్థకు ఇక్కడున్న బ్యాంకు ఖాతాలను ప్రభుత్వం స్తంభింపజేసిందట, ఢిల్లీ ఆఫీసు మూసేసి సిబ్బందిని ఇళ్ళకు పంపేశారట. ఆ పేరు చెవిన పడగానే, ముసురు పట్టినప్పుడల్లా సలిపే నా ఎడమ చెయ్యి ఒక్కసారి జివ్వుమంది.

నరసరావుపేట కోర్టులో నేను నల్లకోటు కొత్తగా వేసుకున్న రోజులవి. కారంపూడి అవతల ఒక ఊళ్ళో, ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడే, మా అమ్మకు వరసకు చెల్లెలయ్యే పిన్ని భర్తను టీకొట్టు ముందు పట్టపగలు వేటకొడవళ్ళతో నరికేశారు. ఓడిన పార్టీకి ఓట్లు వేయించాడన్నదే ఆయన చేసిన నేరం. పోలీసులు దాన్ని పొలంగట్టు తగాదాగా రాసుకుని చేతులు దులుపుకుంటే, పిన్ని ఊరొదిలి మా ఇంటికి చేరింది. ఇక్కడ వినే నాథుడు లేక మా సీనియరు ప్లీడరుగారు ఆ సంస్థకు కబురు పెట్టారు. అక్కణ్ణుంచి ఒక విదేశీ మహిళ వచ్చింది. ఆమె ఇంగ్లీషును పిన్నికీ, పిన్ని తెలుగును ఆమెకూ చేరవేసే పని నాది, కొద్దిరోజుల్లోనే ఆమె నాకు అక్క అయిపోయింది.

హత్య జరిగిన చోటు చూడాలని ముగ్గురం జీపులో బయలుదేరాం. ఊరి మొదట్లో, మిరపకాయలు ఆరబోసిన కల్లాల దగ్గర, దారికడ్డంగా ఎద్దుబండి తోసి ఒక గుంపు మామీద పడింది. అద్దం పగిలి డ్రైవరు ముఖం నెత్తురుముద్దయింది. అక్కను జుట్టుపట్టి లాగి ఆ ఎర్రటి కాయల మీద ఈడ్చారు. అడ్డం వెళ్ళిన నా చెయ్యి కర్రదెబ్బకు పుటుక్కున విరిగింది. తలమీద పడాల్సిన తర్వాతి దెబ్బను, నామీద బోర్లా పడి, పిన్ని తన వీపున కాసింది.

"ఏందిరా, నా మొగుణ్ణి నరికింది చాల్లేదా మీకు? ఒరేయ్, నా చేతి బువ్వ తిని పెరిగినోడివి గదరా నువ్వు! కొట్టరా, కొట్టు!"

కర్ర పట్టుకున్నవాడు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ క్షణమే మమ్మల్ని బతికించింది.

గురజాల ఆసుపత్రిలో, ఒంటి మీది నెత్తురైనా కడుక్కోకుండా, అక్క పిన్ని మంచం పక్కన కూర్చుంది. భయముంటే పేరు మార్చి రాస్తామని ఆమె మాటగా నేను చెబితే పిన్ని నావైపు ఉరిమి చూసింది.

"పేరెందుకు మారస్తావే? నేనేమన్నా దొంగతనం చేశానా? నా పేరూ రాయి, నా మొగుడి పేరూ రాయి, నరికినోళ్ళ పేర్లూ రాయి."

పిన్ని వాంగ్మూలంతో అక్క రాసిన నివేదిక బయటి దేశాల్లో వెలువడ్డాకే ఇక్కడి అధికారుల్లో కదలిక వచ్చింది. నరికినవాళ్ళకు శిక్షలు పడ్డాయి, నరకమన్న పెద్దమనిషి మాత్రం దర్జాగానే తిరిగాడు. పిన్ని తిరిగి ఊరెళ్ళి, ఆ పెద్దమనిషి కళ్ళముందే రోజూ నడిచి వెళ్ళి, చనిపోయేదాకా తన పొలం తానే చేసుకుంది.

మొన్న మాచవరం వైపునుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది, తలమీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అన్నను తన కళ్ళెదుటే కొట్టి చంపితే పోలీసు స్టేషన్లో ప్రమాదమని రాశారట. మన పల్నాట కర్రలూ కత్తులూ నా చిన్నప్పటినుంచీ ఉన్నవే, అవేం మారలేదు. కానీ ఊరంతా నోరు మూసుకున్నప్పుడు మన గోడు వినే చెవి ఒకటి ఎక్కడో దూరాన ఉండేది. ఈ సాయంత్రం ఆ అమ్మాయిని మళ్ళీ రమ్మన్నాను. కూర్చోబెట్టి, ఒక్క మాట పోకుండా రాసుకుంటాను. రాసింది ఎవరికి పంపాలో మాత్రం నాకు తెలియడం లేదు.