బుడగల మేస్త్రీ

నేను తిరిగిన ఊళ్లలో నీళ్ల గురించి విన్నన్ని అబద్ధాలు దేవుళ్ల గురించి కూడా వినలేదు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నవాడు ఏ పంపుహౌసులోనూ పనిచేసి ఉండడు. అక్కడ రెండూ మనిషే ఎరగాలి. నేను కొన్నాళ్లున్న ఒక కాలనీలో ఆ మనిషిని బుడగల మేస్త్రీ అనేవారు.

ఆయన చేతికింద ఒక అద్దపు గొట్టం, అందులో పెంకుల్లాంటి నల్లటి సెరామిక్ పలకలు. వాటికి కరెంటు ఇస్తే బోరునీళ్లలోని ఉప్పే క్లోరిన్‌గా మారి క్రిముల్ని చంపుతుంది. పలకలకు పట్టిన సున్నాన్ని గీకకుండా, పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగేవాడు. గొట్టంలో బుడగలు లేస్తుంటే బిందెలతో వచ్చిన ఆడవాళ్లు, "పొయ్యి లేకుండానే మరిగిస్తున్నావు, మా టీ కూడా పెట్టెయ్యి మేస్త్రీ" అని ఆటపట్టించేవారు.

ఆ ఏడాది వానలు విరగకురిసి, ఏళ్ల తరబడి ఉప్పగా ఉన్న బోరునీళ్లు తియ్యగా మారాయి. జనం వానను వదిలేసి ఆయన్ను మెచ్చుకున్నారు. రోజూ గ్లాసెడు నీళ్లలో మందుచుక్క వేసి పసుపురంగు తిరిగిందో లేదో చూడాలి; తిరిగితేనే క్లోరిన్ ఉన్నట్టు. బుడగలు వస్తూనే ఉన్నాయి కదా అని మేస్త్రీ నాలుగు రోజులు చూడలేదు. ఉప్పు తగ్గితే బుడగలు వస్తాయి, క్లోరిన్ రాదు. ఆ ముక్క ఆయనకు తెలుసు. తెలిసీ, తియ్యటి నీళ్ల మొదటి బిందె తనను పెంచిన అక్కకే మోసుకెళ్లాడు. ఆమె అప్పుడే జ్వరం నుంచి లేచింది. మూడో రోజుకు వాంతులు, విరేచనాలు. ఐదో రోజుకు మనిషి లేదు.

విచారణకు వచ్చిన ఇంజినీరు తప్పు వానదేనని రాసుకుపోయాడు. మేస్త్రీ కాదనలేదు. కానీ అప్పటినుంచి బావ గడప తొక్కలేదు. పక్కగదిలో అద్దెకున్న నాతో నెలరోజులు ఇదే మాట. చెబితే ఉన్న ఒక్క బంధువూ పోతాడు, చెప్పకపోతే తనకు తిండి దిగదు. చివరికి నన్ను తోడు తీసుకుని వెళ్లాడు.

"బావా, ఆ నాలుగు రోజులూ నేను చుక్క వేసి చూడలేదు," అన్నాడు నిలబడే.

బావ గోడ వైపు తిరిగాడు.

"మీ అక్క వద్దు వద్దంటున్నా, 'నీ తమ్ముడు తెచ్చాడే, తియ్యగా ఉన్నాయి తాగవే' అని గ్లాసు గ్లాసూ నేనే పట్టించాన్రా. కొన్నాళ్లు రాకు. నిన్ను చూస్తే నా చెయ్యే గుర్తొస్తుంది."

మేస్త్రీ చెప్పులు మరిచిపోయి వీధిలోకి నడిచాడు. నేను వాటిని పట్టుకుని వెనకాలే వెళ్లాను.